కోడిపుంజు కూడా చొరబడని కాలనీ

మా జోతమ్ బాబాయికి దొంగల భయం ఎక్కువ. నేను కాంగెమీలో వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ పోయిందల్లా ఒక చెప్పుల జత, ఆరేసిన తువ్వాలు ఒకటి. చెప్పులు మర్నాడే పక్క సందులో కుక్కపిల్ల నోట్లో దొరికాయి. తువ్వాలు మా ఊరాయన ఒకాయన భుజాన వేసుకుని బస్సెక్కేశాడు. అయినా బాబాయి, "ఇక్కడ భద్రత లేదు ఫీబీ" అని పిన్నితో అంటూనే ఉండేవాడు. ముఖ్యంగా శుక్రవారం సాయంత్రాలు.

శుక్రవారమే ఎందుకో నాకు తెలుసు. పడమటి నుంచి వచ్చే మా ఊళ్ల బస్సులన్నీ నైరోబీ నడిబొడ్డుకి వెళ్లేముందు కాంగెమీలో ఆగుతాయి. దిగినవాళ్లు మూట నెత్తిన పెట్టుకుని, రోడ్డు దాటి, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ పక్కనుంచి సందులోకి తిరిగితే మా తలుపే. ఆసుపత్రికి వచ్చినవాళ్లు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, దినం ఖర్చులకు చందాలు అడిగేవాళ్లు, ఏ పనీ లేక ఊరు చూసిపోదామని వచ్చినవాళ్లు, అందరికీ ఆ తలుపే గుర్తు. చుట్టం వస్తే కోడిని కొయ్యాలి. కోసిన కోడిలో కందనకాయ ఇంటి యజమానిది. చుట్టం ఉంటే మాత్రం అది చుట్టానిది. మా బాబాయి పెళ్లయినప్పటి నుంచి సొంత ఇంట్లో కందనకాయ తిన్నది లేదని పిన్ని అంటుంది.

నేనూ అలా బస్సు దిగి వచ్చినదాన్నే. తిరిగి వెళ్లకపోవడం ఒక్కటే తేడా. మా ఊరి బడి ఎనిమిదో తరగతితో అయిపోతుంది. మార్కులు బాగా వచ్చాయని మాస్టారు వచ్చి నాన్నతో చెప్తే, నాన్న బాబాయితో చెప్తే, బాబాయి కాంగెమీ మిట్టమీద ఉన్న ఆడపిల్లల బడిలో చేర్పించాడు. ముందుగదిలో సోఫా వెనకాల నా పరుపు. పరుపు పక్కన నా రేకు పెట్టె. చదువు పూర్తయ్యేదాకా ఆ రెండూ అక్కడే ఉంటే చాలని రోజూ అనుకునేదాన్ని. పైకి ఎప్పుడూ అనలేదు. నాకు పైకి అనడం రాదు.

బాబాయి బీమా కంపెనీలో పని చేస్తాడు. ఏ ఇంటికి నిప్పంటుకోవచ్చు, ఏ లారీ బోల్తా పడొచ్చు అని ముందే అంచనా కట్టడం ఆయన పని. "నా కొడుకు జరగని కీడుకి జీతం తీసుకుంటాడు" అని నాన్నమ్మ ఊళ్లో గొప్పగా చెప్పుకుంటుంది.

ఒక శుక్రవారం మూడు వేరు వేరు బస్సుల్లో మూడు వేరు వేరు చుట్టాలు దిగారు. మంచం మీద ఇద్దరు ముసలివాళ్లు, సోఫా మీద ఇంకో ఇంటి కోడలు, నా పరుపు మీద ఆ కోడలి పిల్లలు. బాబాయి కుర్చీలో కూర్చుని నిద్రపోయాడు. పొద్దున లేచేసరికి మెడ ఒకవైపుకి తిరిగిపోయింది. ఆ మెడతోనే టీ తాగుతూ అన్నాడు.

"ఫీబీ, ఇల్లు మారుతున్నాం. భద్రమైన కాలనీ కావాలి. ఆఫీసుకి సులువుగా వెళ్లి వచ్చేలా ఉండాలి. అంతే."

"మెడ ఎటు తిరిగితే అటు వెళ్దామా?" అంది పిన్ని.

ఇళ్లు చూపించే ఆయన పేరు కమాండే. ఆయనకు పాత తెల్ల కారు ఉంది, అందులో ఎప్పుడూ దేవుడి పాటలు మోగుతుంటాయి. ప్రతి ఆదివారం చర్చి అవగానే వచ్చేవాడు. ముందు సీట్లో బాబాయి, వెనక పిన్ని, నేను, నా ఒళ్లో వాళ్లబ్బాయి ట్రెవర్. ఆదివారం రోడ్లు ఊడ్చి పెట్టినట్టుంటాయి. ఎంత దూరం పోయినా ఇట్టే వచ్చేసినట్టు ఉండేది.

మొదటి కాలనీ పిన్నికి నచ్చలేదు. పక్కింటావిడ బట్టలు వీధిలో ఆరేసిందట. రెండోది బాబాయికి నచ్చలేదు. గోడలు ఎత్తుగానే ఉన్నాయి, గోడమీద గాజుపెంకులు కూడా ఉన్నాయి, కానీ గేటు బార్లా తీసి ఉంది.

"మంచి మనుషులుండే చోటు బాస్. ఎవరైనా రావొచ్చు, పోవచ్చు" అన్నాడు కమాండే.

"అదే వద్దన్నది" అన్నాడు బాబాయి.

మూడోది చాలా దూరం. కినూ దాటి, కికుయు వైపు, పెద్ద రోడ్డు పక్కనే. పేరు సైప్రస్ గార్డెన్స్. సైప్రస్ చెట్టు ఒక్కటీ లేదు, తోట కూడా లేదు. కానీ గేటు తరవాత ఇంకో గేటు ఉంది. రెండు గేట్లకీ మధ్య పెద్ద బోర్డు ఉంది. బాబాయి కారు ఆపించి, దిగి, చర్చిలో వాక్యం చదివినట్టు గొంతెత్తి చదివాడు. బట్టలు ముందువైపు ఆరేయరాదు. బొగ్గుల పొయ్యి వాడరాదు. కోళ్లు, మేకలు, ఇతర జంతువులు లోపలికి తేరాదు. ఇంటివాళ్లు ఫోనులో ఒప్పుకుంటేనే చుట్టాలను లోపలికి పంపుతారు. వారం దాటి చుట్టం ఉండాలంటే కమిటీ అనుమతి కావాలి.

ఆఖరి రెండూ బాబాయి రెండుసార్లు చదివాడు.

"మరి ఫోను ఎత్తకపోతే?" అని అడిగాడు.

"పంపరు బాస్."

"ఎంత దూరం నుంచి వచ్చినా?"

"చంద్రుడి నుంచి వచ్చినా పంపరు."

బాబాయి మెడ ఆ క్షణాన సరైపోయిందని నాకు అనిపించింది. దొంగల గురించి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కమాండే పాట పెట్టి, "చూడండి బాస్, ఈ పాట అయిపోయేలోపు మీ ఆఫీసు ముందుంటాం" అన్నాడు. నిజంగానే పాట అవుతుండగా ఆఫీసు వచ్చింది. ఆదివారం కాబట్టి దానికి తాళం వేసి ఉంది. బాబాయి ఆ తాళం వైపు చాలా తృప్తిగా చూశాడు.

"ఎన్ని పడకగదులు?" అంది పిన్ని.

"రెండు. చాలవూ? మనం ముగ్గురమే కదా."

కారులో ఉన్నవాళ్లని నేను లెక్కపెట్టాను. కమాండేని వదిలేస్తే నలుగురం.

బాబాయి వెనక్కి తిరక్కుండా అన్నాడు. "నసిమియూ, ఈ టర్మ్ అయ్యాక నువ్వు ఊరికి వెళ్లమ్మా. నియమాలు చూశావుగా. మేం కాస్త స్థిరపడ్డాక పిలుస్తాం."

బాబాయి నాన్నమ్మకు రేడియో కొనిస్తానన్నది కూడా స్థిరపడ్డాకే. నాన్నమ్మ ఇప్పటికీ పక్కింటి రేడియో వింటోంది.

"సరే బాబాయ్" అన్నాను. నా ఒళ్లో ట్రెవర్, "అక్క పెట్టె నాకిస్తుందా?" అన్నాడు. పిన్ని కిటికీలోంచి బయటికి చూసింది.

వారం తిరక్కుండా మారిపోయాం. గేటు దగ్గర కాపలా ఆయన మమ్మల్ని ఆపి, నావైపు చూసి స్వాహిలీలో అడిగాడు. "ఈ పిల్ల ఇంటి మనిషా, చుట్టమా, పనిమనిషా?"

బాబాయి ఇంగ్లీషులో జవాబిచ్చాడు. గేటు దగ్గర ఆయన ఇంగ్లీషే మాట్లాడతాడు.

"చుట్టం. టర్మ్ దాకా. కమిటీకి చెప్పాను."

ఆయన నా మెడలో పసుపు బిళ్ల వేశాడు. చుట్టాలకు పసుపు, పనివాళ్లకు నీలం, ఇంటివాళ్లకు ఏమీ ఉండదు. బడికి వెళ్లేటప్పుడు తీసి సంచీలో దాచుకునేదాన్ని. వచ్చేటప్పుడు మళ్లీ వేసుకునేదాన్ని.

మొదటి సోమవారం బాబాయి ఎప్పటిలాగే టీ తాగి, షూ పాలిష్ చేసుకుని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. నా బడి దారిలోనే. మటాటు వ్యాను ఎక్కి కూర్చున్నాక దేవుడి పాట ఒకటి మొదలైంది. అది అయిపోయింది. ఇంకోటి మొదలైంది. మటాటు కదల్లేదు. ముందు లారీ, వెనక లారీ, పక్కన గాడిదబండి. గాడిద మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. నేను బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. బాబాయి ఆఫీసుకి చేరేసరికి టీ విరామం కూడా అయిపోయిందట.

"దారిలో ప్రమాదం ఏదో జరిగుంటుంది" అన్నాడు ఆ సాయంత్రం.

మంగళవారం కూడా ఏదో జరిగుంటుందనే అన్నాడు. గురువారం నుంచి అనడం మానేసి, కోడి కూయకముందే లేవడం మొదలుపెట్టాడు. కోడి లేదు కాబట్టి ఫోను అలారం. షూ పాలిష్ మటాటులోనే. టీ ఫ్లాస్కులో. పిన్ని ఏమైనా అంటే, "భద్రత ఉందిగా!" అనేవాడు, కళ్లు మూసుకునే.

కాపలా ఆయన పేరు ఖేంబా అని రెండో రోజే తెలిసింది. ఆయన గదిలో రేడియో ఎప్పుడూ మా భాషలోనే మాట్లాడుతుంది. రాత్రి కాపలా ఆయనదీ మా భాషే. రెండో గేటు దగ్గరాయన మా భాషలోనే తుమ్ముతాడు. నైరోబీలో ఏ వంటింట్లో చూసినా, ఏ గేటు ముందు చూసినా మనవాళ్లేనని జనం ఎగతాళి చేస్తుంటారు. బాబాయికి ఆ ఎగతాళి అంటే ఒళ్లు మంట. అందుకే కాబోలు, గేటు దగ్గర మనిషి ముఖం చూడడు.

ఒకరోజు ఖేంబా నన్ను పిలిచాడు. "ఏమమ్మాయ్, ఆ నడకేంటి, చిలగడదుంపల చేలో గట్టు మీద నడిచినట్టు? కిమిలిలి వైపేనా మీది?"

అవునని తలూపాను.

"ఎవరి పిల్లవే?"

నాన్న పేరు చెప్పలేకపోయాను. తల దించుకుని పరుగెత్తాను. వెనకాల ఆయన నవ్వడం వినిపించింది. "నాలుక ఊళ్లోనే మర్చిపోయొచ్చింది, పాపం!"

ఆ ఆదివారం నాన్నమ్మ ఫోను చేసింది. బాబాయి స్పీకరు పెట్టాడు, ఆయన చేతులు నొప్పిగా ఉన్నాయి మరి, మటాటు కడ్డీ పట్టుకుని పట్టుకుని.

"ఒరే జోతమ్, ఇల్లు మారావటగా. చెప్పనైనా లేదే?"

"చాలా దూరం వచ్చేశాం అమ్మా. ఊరి బయట. నువ్వు రాలేవు. కాంగెమీలో దిగినా ఇక్కడికి మళ్లీ వేరే బండెక్కాలి."

"ఏ వైపు బయట?"

"కికుయు వైపు. సైప్రస్ గార్డెన్స్ అని, పెద్ద రోడ్డు పక్కనే."

నాన్నమ్మ నెమ్మదిగా అంది. "ఒరే నాయనా, అది మన వైపే కదరా. బస్సు ముందు అటే వచ్చి, తరవాత కాంగెమీకి పోతుంది."

బాబాయి నోరు తెరిచి ఫోనుకేసి చూశాడు. లారీలు ఎక్కడ బోల్తా పడతాయో చెప్పగలిగిన మనిషి, మా ఊరి బస్సు ఏ దారిన వస్తుందో ఆలోచించలేదు. కాంగెమీలో దిగడం అలవాటై, బస్సు కాంగెమీలోనే పుడుతుందనుకున్నట్టున్నాడు.

"సిగ్నల్ సరిగా లేదమ్మా" అన్నాడు.

"నాకు బ్రహ్మాండంగా ఉంది. పిల్ల ఎలా ఉంది?"

"నసిమియు శనివారం ఊరికొచ్చేస్తోంది. టర్మ్ అయిపోయింది. అన్నయ్యతో చెప్పు."

"మళ్లీ ఎప్పుడు పంపాలి?"

"స్థిరపడ్డాక."

"ఓహో" అంది నాన్నమ్మ. ఆవిడ ఓహో అంటే మాట అక్కడితో అయిపోయిందని కాదు. ఆ సంగతి బాబాయికి తెలియాలి. కానీ ఫోను పెట్టేశాడు.

శనివారం పొద్దున నా పెట్టె నేనే సర్దుకున్నాను. పుస్తకాలు అడుగున, బట్టలు పైన. పిన్ని దారిలో తినమని మందాజీలు కాగితంలో చుట్టి ఇచ్చింది, నా ముఖంలోకి చూడకుండా. బాబాయి పెట్టె పట్టుకుని గేటు దాకా వచ్చాడు. రోడ్డుకి అవతల నిలబడితే ఊరెళ్లే బస్సు ఆపొచ్చు. ఖేంబా బోర్డు కింద కూర్చుని టీ తాగుతున్నాడు. మెడలోంచి పసుపు బిళ్ల తీసి ఆయనకివ్వబోయాను.

అప్పుడే రోడ్డుకి ఇవతల, ఊరి నుంచి వచ్చే బస్సు పెద్దగా కీచుమని ఆగింది. కండక్టరు దిగి, "నిదానం పెద్దమ్మా, నిదానం" అంటూ చెయ్యి అందించాడు. ముందు ఒక మూట దిగింది. తరవాత మా నాన్నమ్మ దిగింది. ఆవిడ చంకలో ఎర్రటి కోడిపుంజు ఉంది.

"నాకోసం గేటు దాకా వచ్చి నిలబడ్డావా, నా బంగారు కొండా!" అంది బాబాయిని చూసి. "మంచి చోటు చూశావురా. కాంగెమీ దాకా కూర్చునే బాధ తప్పింది. తల్లి నడుం గురించి ఆలోచించే కొడుకు ఎంతమందికి ఉంటాడు?"

బస్సులోవాళ్లందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. అందులో సగం ముఖాలు నాకు తెలుసు. ఒకాయన భుజాన మా తువ్వాలు ఉంది.

బాబాయి పెట్టె కింద పెట్టి, ఇంగ్లీషు వెతుక్కుని, అది నాన్నమ్మకి పనికిరాదని గుర్తొచ్చి మానేశాడు. "అమ్మా, ఇక్కడ నియమాలున్నాయి. కోళ్లు లోపలికి రాకూడదు. బోర్డు మీద రాసి ఉంది."

"పుంజు కూయని ఇల్లు ఇల్లెట్లా అవుతుందిరా? మగవాడు కాపురం పెట్టాడని చుట్టుపక్కల తెలియొద్దా? ఆటలాడుకునే పిల్లలు కట్టుకున్న గుడిసె అనుకుంటారు."

"నేను కాదమ్మా అనేది, బోర్డు." బాబాయి కాపలా ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఈవిడకి నియమాలు చెప్పు" అన్నాడు.

ఖేంబా లేచాడు. టోపీ తీశాడు. నాన్నమ్మని పైనుంచి కిందికి చూసి, మా భాషలో, "పెద్దమ్మా, మీరు సికుకు వాళ్ల తల్లి కారూ? నదికి అవతలి సికుకు?" అన్నాడు.

"నువ్వెవరు నాయనా?"

"ఖేంబానమ్మా. మీ పెద్దబ్బాయి, నేను ఒకే ఏడాది కత్తి ముందు నిలబడ్డాం. మీ ఇంట్లో జొన్నంబలి తాగి వెళ్లాను ఆ రోజు."

సికుకు మా నాన్న. మా వైపు ఒకే ఏడాది సున్తీ కత్తి ముందు కదలకుండా నిలబడ్డ మగపిల్లలు చచ్చేదాకా సొంత అన్నదమ్ములకంటే ఎక్కువ. ఒకర్నొకరు నోటికొచ్చినట్టు తిట్టుకోవచ్చు గానీ, ఒకరి మాట ఒకరు కాదనకూడదు. నాన్నమ్మ పుంజుని వదలకుండానే ఆయన్ని కౌగిలించుకుంది. పుంజు ఇద్దరి మధ్యా నలిగి అరిచింది.

ఖేంబా బాబాయి వైపు తిరిగాడు. "అంటే నువ్వు ఆ చీమిడిముక్కు జోతమ్‌వా? మా వెనకాల ఏడుస్తూ తిరిగేవాడివి! ఇన్నాళ్లూ మిస్టర్ జోతమ్, మిస్టర్ జోతమ్ అంటూ సలాములు కొట్టాను కదరా. అన్నతో ఇంగ్లీషులో మాట్లాడతావా?"

"నాకు... తెలియదు అన్నయ్యా" అన్నాడు బాబాయి. ఆ గేటు దగ్గర ఆయన మా భాష మాట్లాడటం అదే మొదటిసారి.

"అయితే ఈ పిల్ల..." ఖేంబా నా చేతిలోని బిళ్ల చూశాడు. "ఈ పిల్ల నా కూతురేగా! నా చేతులతో నా కూతురి మెడలో చుట్టం బిళ్ల వేశానా? ఓసి పిచ్చిదానా, అడిగిన రోజే చెప్పొచ్చు కదే!"

నేను తల దించుకున్నాను. నాన్నమ్మ నా పెట్టె వైపు చూసింది. అంతవరకూ చూడనట్టే చూసింది.

"పిల్ల పెట్టెతో ఎక్కడికి?"

"చెప్పాను కదమ్మా. వారం దాటితే కమిటీ..."

"ఆ, ఆ. చెప్పావు. నియమం నియమమే, నేను కాదనను." నాన్నమ్మ మూట పక్కన నేలమీద కూర్చుని, కాళ్లు చాపి, పుంజుని ఒళ్లో సర్దుకుంది. "కాకపోతే పుంజు కొత్త ఇంట్లో ఒంటరిగా ఉండదు. పక్కన ఊరి మనిషి ఎవరో ఒకరుండాలి. పిల్ల ఉంటుంది కదా అనుకున్నా. పోనీలే, పిల్ల వెళ్తే నేనుంటా. నాకేం పని? ఊళ్లో పొలం పెద్దాడు చూసుకుంటాడు. ఇంక పోయేదాకా ఇక్కడే ఉంటా. కమిటీ వాళ్లని పిలవండి, మాట్లాడతా. నాకు వాళ్ల భాష రాదు, నెమ్మదిగా నేర్చుకుంటా."

బీమా ఆఫీసులో బాబాయి ఎలా ఉంటాడో నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు చూశాను. నుదురు ముడిపడింది, పెదవులు కదిలాయి. ఒకవైపు నన్ను పెట్టాడు, నేను మాట్లాడను, ఎవరికీ అడ్డు రాను. ఇంకోవైపు నాన్నమ్మని పెట్టాడు.

ఆయన లెక్క తేలకముందే పిన్ని ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకుంటూ వచ్చింది. కిటికీలోంచి అంతా విన్నట్టుంది.

"అయ్యో అత్తయ్యా, నసిమియు ఎక్కడికి వెళ్తుంది? మా ఇంటి పిల్ల! ఏవండీ, పెట్టె మట్టిలో పెట్టారేంటి? లోపలికి పట్టుకురండి!"

"అదే, నేనూ అదే అంటున్నా" అన్నాడు బాబాయి. పెట్టె ఎత్తాడు.

నాన్నమ్మ నావైపు చూడలేదు. పుంజు మెడ నిమురుతోంది. ఆవిడ పెదవి కొస మాత్రం కాస్త వంకర తిరిగింది.

"మరి పుంజు సంగతి?" అన్నాడు బాబాయి నీరసంగా.

ఖేంబా నా చేతిలోంచి పసుపు బిళ్ల తీసుకుని పుంజు మెడలో వేశాడు. "చుట్టం. నియమం ప్రకారం వారం ఉండొచ్చు" అని గేటు బార్లా తీశాడు.

బస్సు ఇంకా కదల్లేదు. కండక్టరు మెట్టు మీంచి కేకేశాడు. "సార్! ఈ స్టేజి పేరేంటి? ఇకనుంచి ఇక్కడ ఆపమని మనవాళ్లు అడుగుతున్నారు!"

బాబాయి వినబడనట్టు నడిచాడు. ఖేంబా జవాబిచ్చాడు. "సికుకు గేటు!"

నాన్నమ్మ నాలుగు రోజులుండి, నడుం పట్టేసిందని వెళ్లిపోయింది. ఆవిడ మూటలో తెచ్చిన ఇంకో కోడిని మొదటి రోజే కూర వండారు. కందనకాయ ఇంటికి పెద్దన్న కాబట్టి ఖేంబాకి పెట్టారు. పుంజుకి వారం దాటింది. కమిటీ ఛైర్మన్ మిసెస్ గితోంగా వచ్చి, తెల్లవారుజామున ఏదో కూస్తోందని గట్టిగా అడిగింది. రెండు గేట్ల కాపలావాళ్లూ ఒకే మాట చెప్పారు. మాకేం వినబడలేదు మేడమ్. రాత్రంతా మేలుకునే ఉంటాం, వింటే మేమే వినాలి.

పుంజు మాత్రం మంచి పని చేస్తోంది. కొత్త టర్మ్ మొదలయ్యాక ఆ కూతకి లేస్తే నాకు బడిలో ప్రార్థన అందుతోంది. బాబాయి కూడా దానికే లేస్తున్నాడు. ఆయన అలారం పెట్టడం మానేశాడు.

నిన్న శుక్రవారం సికుకు గేటు దగ్గర ఐదుగురు దిగారు. ఖేంబా ఎవరికీ ఫోను చెయ్యలేదు. సొంత తమ్ముడింటికి వెళ్లేవాళ్లకి ఫోనెందుకన్నాడు. బాబాయి కుర్చీలో పడుకుని లేచాడు. మెడ ఈసారి రెండోవైపుకి తిరిగింది.

"ఇక్కడ భద్రత లేదు ఫీబీ" అని, కమాండేకి ఫోను చేశాడు. ఇటు వద్దు, మొంబాసా రోడ్డు వైపు చూడమన్నాడు. అటునుంచి మా ఊరి బస్సులు రావు. కమాండే ఎన్ని పడకగదులు కావాలని అడిగినట్టున్నాడు.

బాబాయి ఫోను చెవికి పెట్టుకునే, తిరగని మెడతో, గదంతా ఒకసారి చూశాడు. పిన్నిని, ట్రెవర్‌ని, సోఫా వెనకాల పుస్తకం చదువుతున్న నన్ను.

"మూడుండాలి. మేం నలుగురం" అన్నాడు.